గమ్మక్క నెల

డాబా మీద గది
ఆదివారం

అమ్మడూ,

క్షేమసమాచారాలు మీ అమ్మ ఫోన్లో పంచుతూనే ఉంటుంది కాబట్టి ఆ నాలుగు లైన్లూ మిగుల్చుకుంటున్నాను. ఫోనంటే నాకు ఒక్క చెవికే పని. అవతలివాళ్ళు సగం మాటలు మింగేస్తున్నట్టు ఉంటుంది. కాగితమైతే మనిషి పూర్తిగా దొరుకుతాడు.

నా కుర్చీలో నువ్వు కూర్చుని ఏడాది దాటిందట. దాని ఎడమ కాలు పొట్టి. కింద అట్టముక్క మడిచి పెట్టుకున్నావా, ఊగుతూనే జీతాలు రాస్తున్నావా? అట్టపెట్టెల కార్ఖానాలో జీతాల గుమాస్తాకి అట్టముక్క కరువైతే అంతకన్నా సిగ్గుచేటు లేదు. ఆ కుర్చీలో కూర్చునే నేను చట్టం నేర్చుకున్నాను. కాలేజీ మొహం చూడలేదు. గుజ్జు చెయ్యడానికి పాత కాగితాల మూటలు వచ్చేవి, వాటిలో కార్మికుల బీమా చట్టం ముక్కలు ముక్కలుగా దొరికింది. అందుకే మధ్యలో కొన్ని పేజీలు నాకిప్పటికీ తెలియవు. తెలిసిన పేజీలు మాత్రం ప్లీడర్లకి కూడా తెలియవు.

పందొమ్మిది మందిదాకా అయితే చిన్న సంస్థ, ఇరవయ్యో పేరు పడితే పెద్ద సంస్థ, యజమాని వాటా రెండింతలు, పైగా పాత బాకీల తవ్వకం. ఆ పేజీ అలా దొరికిందే. మన దగ్గర మనుషులేమో ఇరవై. అప్పుడు పెట్టిన పద్ధతే ఈ దయ్యం వంతు. నెలకొకడు జాబితాలో ఉండడు, పనిలో ఉంటాడు. బీమా కోత ఉండదు, జీతం మొత్తం చేతికి. మొదట్లో దయ్యమవ్వమంటే మొహం మాడ్చుకున్నవాళ్ళే తర్వాత పెళ్ళిళ్ళకీ ఇంటి అడ్వాన్సులకీ ముందుగా వంతు రాయించుకునేవాళ్ళు. ఇరవై మందిని ఒక్క నయాపైసా ఖర్చు లేకుండా సంతోషపెట్టిన గుమాస్తాని ఇంకెక్కడైనా చూపించు.

ఇంత సోదీ ఎందుకంటే, మూడు నెలల కిందట నువ్వు పనిలో పెట్టించిన నా అల్లుడి గురించి. పిల్లదాని బడి ఫీజు కట్టాలి. నీ మరదలు చిన్ని నన్నడగదు, వాడు అసలే అడగడు, అభిమానం ఎక్కువ. వచ్చే నెల దయ్యం వాడికివ్వు. వంతు ఎవరిదైనా సర్దుబాటు చెయ్యి.

మావయ్య


ఆఫీసు గది
జీతాల మర్నాడు

మావయ్యా,

అట్టముక్క పెట్టాను. రెండు మడతలు చాలలేదు, మూడు పెట్టాను. కుర్చీ పాతబడిందో, నేను బరువెక్కానో.

మీ మాట నిలబెట్టడానికి నేను చెమటోడుస్తానని అనుకున్నాను. అదే నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. ఈ నెల వంతు గమ్మక్కది. మీకు తెలిసిన మనిషే, గమ్ బల్ల దగ్గర కిటికీ వైపు కూర్చునేది, మాట్లాడుతూనే పెట్టెలంటించేది. గుండెలో తలుపు ఒకటి సరిగా మూసుకోవడం లేదట. బీమా ఆసుపత్రిలో వచ్చే నెల ఆపరేషన్. వాళ్ళ రూలేమో, అంతకుముందు ఆర్నెల్లూ ఒక్క నెల తప్పకుండా వాటా కట్టి ఉండాలి. పాపం, అది తెలియక ఎప్పట్లాగే దయ్యం సెలవు కాగితం మీద సంతకం పెట్టేసింది, "ఈ నెలంతా సొంత పని మీద జీతం లేని సెలవు" అని. తర్వాత ఆసుపత్రి వాళ్ళు చెప్పారట. పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అమ్మా, ఈ నెల నన్ను దయ్యం చెయ్యకమ్మా, నిజం దయ్యాన్నయిపోతాను" అంది. అందరూ గొల్లుమన్నారు. తనే ముందు నవ్వింది.

తమ్ముడు, అదే మీ అల్లుడు, ప్రెస్సు దగ్గర్నించే అరిచాడు. "నీ దయ్యం నాకిచ్చెయ్ గమ్మక్కా. మా మావగారు ఎలాగూ నన్ను మనిషి కింద లెక్కెయ్యడు!"

వాణ్ణి ఇక్కడ అందరూ "అల్లుడూ" అనే పిలుస్తున్నారు. మీ పరపతి అలాంటిది. అరవై ఏళ్ళ ఫోర్‌మ్యాన్ కూడా "ఏం అల్లుడూ, కాఫీ తాగావా" అంటాడు, వీడు "తాగాను మావయ్యా" అంటాడు.

తమ్ముడి చేత కొత్త కాగితం మీద సంతకం పెట్టించాను. గమ్మక్క కాగితం సొరుగులోనే ఉండిపోయింది, చింపెయ్యాలి. చిన్నితో చెప్పండి, ఫీజు సంగతి బెంగ పెట్టుకోవద్దని.

మీ మేనకోడలు


డాబా మీద గది

అమ్మడూ,

ఒకే సర్దుబాటుతో రెండిళ్ళలో దీపం పెట్టావు. ఇది నాలుగు పుస్తకాలు చదివితే వచ్చే తెలివి కాదు, రక్తంలో ఉండాలి. మీ అమ్మ వైపు రక్తం అని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

జాగ్రత్త ఒక్కటే. ఇన్‌స్పెక్టరొస్తే దయ్యాన్ని వెనక గుమ్మంలోంచి పంపు. నా హయాంలో ఒకసారి ఆయన ఆ గుమ్మంలోంచే ఊడిపడ్డాడు. ఆ నెల దయ్యం బక్కోడు. పట్టుకుని బీరువా సైజు పెట్టెలో కుక్కేశాం. ఇన్‌స్పెక్టరుగారు తిరిగి తిరిగి ఆ పెట్టె మీదే కూర్చుని టీ తాగాడు. పెట్టె తుమ్మింది. "తేమ సార్, అట్ట పేలుతోంది" అన్నాను. "మంచి అట్ట" అని తట్టి లేచాడు. ఇప్పటికీ తలుచుకుంటే అన్నం సహించదు, నవ్వుతో.

మావయ్య


ఆఫీసు గది

మావయ్యా,

ఫోన్లో మీకు వినపడిందో లేదో. అందుకే మళ్ళీ రాస్తున్నాను.

నెలాఖరు. ఆర్డరు తొందరలో ఉంది. ప్రెస్సులో అట్ట ఇరుక్కుంటే తమ్ముడు చెయ్యి పెట్టి లాగాడు. చెయ్యి పడకుండా అడ్డుండే కాపలా రేకు పైకి కట్టేసి ఉంది, ఫోర్‌మ్యానే కట్టించాడు, స్పీడు కోసం. కుడిచెయ్యి. బొటనవేలు మిగిలింది.

గమ్మక్క కొంగు చింపి మణికట్టు దగ్గర బిగించింది. డాక్టరు, ఆ కట్టు లేకపోతే మనిషి దక్కేవాడు కాదన్నాడు. తమ్ముడు స్పృహలోనే ఉన్నాడు. దారి పొడుగునా "మా మావగారికి చెప్పకండి, హడలిపోతారు" అంటున్నాడు.

మొదటి బిల్లు కార్ఖానా అయ్యగారే కట్టారు. "మంచివాడు పాపం. కానీ జాబితాలో లేడు కదమ్మా" అన్నారు. వెళ్ళేముందు తలుపు దగ్గర ఆగి "గేటు లోపలికి వీడెందుకొచ్చాడంటే ఏం చెప్తావో ఆలోచించుకో" అన్నారు.

చిన్నిని మీరు తీసుకురండి. ఒంటరిగా పంపకండి.


ఆసుపత్రి వరండా

అమ్మడూ,

నాలుగు రోజులుగా ఈ బెంచీ మీదే ఉన్నాను. పక్కన ఒకాయన గొంతు ఆపరేషన్ చేయించుకుని పలక మీద రాసి మాట్లాడుతున్నాడు. నాకు తెలిసిన మనుషుల్లో అబద్ధం ఆడే ముందు ఇంతసేపు ఆలోచించే అవకాశం ఉన్నవాడు ఈయనొక్కడే. చూశావా, ఈ పరిస్థితిలో కూడా నా బుద్ధి పోనిచ్చుకోలేదు.

వాడు కట్టు వంక చూసుకోడు. చిన్ని అన్నం కలిపి పెడితే గోడవైపు తిరుగుతాడు. పిల్లది వచ్చి "నాన్నా, చెయ్యి చూపించు" అంది. అక్కణ్ణించే లేచొచ్చి ఈ బెంచీ మీద పడ్డాను.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. అంగవైకల్యం పింఛను ఉంది, బతికున్నన్నాళ్ళూ. జాబితాలో ఉన్నవాడికి. ఆ నెల జాబితా నువ్వింకా పంపలేదు, పదో తారీకు వరకూ టైముంది. నువ్వు రాసిందే నెల. వాడి పేరు లోపల పెట్టు.

ఇరవై చెయ్యమనట్లేదు. ఇరవై చేస్తే పాత నెలలన్నీ తవ్వుతారు, వాటి కింద నీ సంతకాలున్నాయి, నాకు ఆ ఉద్దేశం ఎందుకుంటుంది? నీ పేరు తీస్తానంటావేమో, జాబితాలో లేని గుమాస్తా సంతకం చెల్లదు. వేరొకర్ని తియ్యాలి.

సొరుగులో ఒక కాగితం ఉందన్నావు. చింపావా?

మావయ్య


ఆఫీసు గది

మావయ్యా,

చింపలేదు. చింపి ఉంటే బాగుండేది.

మీరడిగింది అర్థమైంది. అర్థం కానట్టు ఉండాలని రెండు రోజులు చూశాను. ఈ లోపల మిగతావాళ్ళని ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి అడిగాను. ఒక్క నెల, కాగితం మీద మాత్రమే, అల్లుడి కోసం.

ఫోర్‌మ్యాన్ "అమ్మా, నాకు బీపీ" అన్నాడు. బీపీకీ సంతకానికీ ఏం సంబంధమని అడిగితే, అదే తనకీ తెలియడం లేదన్నాడు. లోడింగ్ అతను "మా ఆవిణ్ణడిగి చెప్తా" అని వెళ్ళి ఇప్పటిదాకా నా కంటికి కనబడకుండా తిరుగుతున్నాడు. ప్రింటింగ్ అన్నాతమ్ముళ్ళు మాత్రం నిజం చెప్పారు. "ఆ రక్తం చూశాక దయ్యం అంటే ఒళ్ళు జలదరిస్తోందక్కా. మా నెల కూడా గడిచిపోయాక మళ్ళీ ఏం బయటికొస్తుందో." నిన్నటిదాకా వంతు కోసం కొట్టుకున్న మనుషులు.

అయ్యగారికి చెప్పాను. పేపర్లోంచి తలెత్తకుండా "లోపలెవరో, బయటెవరో నాకనవసరం, పందొమ్మిది ఉంటే చాలు" అన్నారు.

అడగనిది గమ్మక్క ఒక్కదాన్నే. ఆమెని అడగను. ఆపరేషన్ తారీకు ఇచ్చారు, పక్కింటావిడ దగ్గర ఫ్లాస్కు అరువు తెచ్చుకుంది, ఆసుపత్రికని. ఇంకేదైనా దారి చెప్పండి మావయ్యా. మీకు తెలియని పేజీల్లో ఉందేమో.


ఆసుపత్రి వరండా

అమ్మడూ,

నాకు తెలియని పేజీలంటూ ఎత్తిపొడిచావు, బాగుంది. తెలిసిన పేజీ మీద నిలబడి చెప్తున్నాను, విను.

ఆ నెల దయ్యం వంతు ఎవరిది? ఆమెది. సంతకం ఎవరు పెట్టారు? ఆమె. మధ్యలో మనం ఆమెకి ఒక ఉపకారం చేశాం, ఆ ఉపకారం ఖరీదు నాలుగు వేళ్ళు అని తర్వాత తెలిసింది. ఉపకారం వెనక్కి తీసుకోవడం దొంగతనం కాదే! ఆమె వస్తువు ఆమెకి తిరిగిచ్చేస్తున్నాం.

ఆ గుండె తలుపు ఇన్నాళ్ళుగా సరిగా మూసుకోవట్లేదు. ఇంకో ఆర్నెల్లు మూసుకోదు, అంతేగా. మళ్ళీ వాటా కడుతుంది, మళ్ళీ తారీకు ఇస్తారు. వేళ్ళు ఆర్నెల్లకి మొలుస్తాయా? చెప్పు.

మీ నాన్న పోయినప్పుడు నిన్నూ మీ అమ్మనీ ఎవరు తెచ్చి ఇంట్లో పెట్టుకున్నారో నేనెప్పుడూ అనలేదు. ఇప్పుడూ అనను. చిన్నీ నువ్వూ ఒకే మంచం మీద పడుకునేవాళ్ళు, దుప్పటి కోసం తన్నుకునేవాళ్ళు. అది కూడా ఊరికే గుర్తొచ్చి రాస్తున్నాను.

అల్లుడు నీకు దణ్ణం పెట్టి చెప్పమన్నాడు. మిగిలిన చేత్తో.

మావయ్య


ఆఫీసు గది
పదో తారీకు

మావయ్యా,

పంపాను. పొద్దున్న.

అది అయ్యాక జీతాలు పంచాను. జాబితాలో లేదు కాబట్టి గమ్మక్క కవర్లో కోత లేకుండా మొత్తం పెట్టాను. ఎక్కువ వస్తే సంతోషిస్తుందిలే, అదొక్కటైనా దక్కుతుంది అనుకున్నాను.

మధ్యాహ్నం వచ్చింది. చీర చెంగుకి గమ్ అంటుకుని గట్టిపడి ఉంది. కవరు బల్ల మీద పెట్టింది.

"అమ్మా, కోత మర్చిపోయావు. తీసుకో. ఈ నెల కోత తప్పితే నా కొంప మునుగుతుంది."

"ఉంచుకోండి, తర్వాత చూద్దాం" అన్నాను.

"తర్వాతేమిటమ్మా! అల్లుడి గొడవలో నీకు నిద్ర లేదు, ఎలా గుర్తుంటుంది. అదిగో కళ్ళు చూడు, పీక్కుపోయి." ఆమే లెక్కపెట్టి కోత డబ్బు విడిగా తీసి నా చేతిలో పెట్టింది. వేళ్ళు మూసింది.

నేను తీసుకున్నాను మావయ్యా. చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచి, రసీదు కావాలా అని అడిగాను. "నీ దగ్గర రసీదెందుకమ్మా" అంది.


డాబా మీద గది

అమ్మడూ,

ఇంటికొచ్చేశాం. బీమా ఆఫీసువాళ్ళు వచ్చి కొలిచి రాసుకుని వెళ్ళారు. చేతిని కూడా కొలుస్తారని నాకు తెలియదు. ఆ కుర్రాడి టేపు తిరగేసి ఉంది, నేనే సరిచేశాను, లేకపోతే అల్లుడికి వేళ్ళు ఎక్కువ పడేవి. సగం జీతం దాకా పింఛను వస్తుందన్నాడు. చిన్ని చాలా రోజుల తర్వాత తల దువ్వుకుంది.

ఆ డబ్బు తీసుకుని తెలివైన పని చేశావు. తీసుకోకపోతే అనుమానం వచ్చేది. నువ్వు దానికోసమే తీసుకున్నావని నాకు తెలుసు. అయ్యగారి సొరుగులో పడెయ్యి. నీ చేతిలో ఉంచుకోకు, పిచ్చి పిచ్చి ఆలోచనలొస్తాయి.

మీ అమ్మకి ఈ ఉత్తరం చూపించకు.

మావయ్య


ఆఫీసు గది

మావయ్యా,

గమ్మక్కని ఆసుపత్రివాళ్ళు వెనక్కి పంపారు. ఫ్లాస్కుతో సహా.

ఆమె మొగుడు సైకిళ్ళు బాగుచేసే మనిషి, గట్టిగా మాట్లాడ్డం రాదు. ఇద్దరూ గేటు దగ్గర నిలబడితే నేనే లోపలికి పిలిచాను. "ఆ నెలంతా నువ్వు సెలవులో ఉన్నావట, నీ సంతకం ఉందన్నారమ్మా" అంది గమ్మక్క. నా చేతులు బల్లకింద ఉన్నాయి.

తర్వాత ఏమందో తెలుసా? "తప్పు నాదే. ఆ కాగితం చింపమని నీకు గుర్తు చెయ్యలేదు. అల్లుడి హడావుడిలో అది వాళ్ళకి వెళ్ళిపోయుంటుంది. నీకు మాట తెచ్చిపెట్టానమ్మా, ఏమీ అనుకోకు" అంది. నన్ను ఓదార్చింది. మొగుడు టోపీ తీసి చేత్తో నలుపుతూ "సారీ మేడం" అన్నాడు.

నేను "చూస్తాను" అన్నాను. బల్ల బల్లలాగే ఉంది, గోడ గోడలాగే ఉంది.

ఇంకొకటి. నిన్న తమ్ముడొచ్చాడు, తన లంచ్ డబ్బా తీసుకెళ్ళడానికి. గమ్మక్క పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. ఆమె డబ్బా మూత తీసి పెడితే ఎడం చేత్తో తింటున్నాడు. వెళ్తూ నాతో అన్నాడు, "అక్కా, ఆ పింఛను నీ వల్లే కదా, ఎలా చేశావో నాకు తెలియదు. గమ్మక్క నెల మాత్రం ముట్టుకోవద్దని మావగారికి మొదటిరోజే చెప్పాను. మాకు ఏదో ఒకటి దొరుకుతుంది, ఆవిడకి దొరకదని. నీకు చెప్పారుగా?"

చెప్పారన్నాను.

దణ్ణం పెట్టమన్నాడని రాశారు మీరు.


డాబా మీద గది

అమ్మడూ,

జ్వరంలో ఉన్న మనిషి ఎన్నో అంటాడు. వాటన్నిటినీ పోస్టులో పంపుతూ కూర్చుంటే గుమాస్తాలెందుకు?

వాడు మంచివాడు. మంచివాళ్ళతో వచ్చిన చిక్కే అది, పక్కవాళ్ళు చెడ్డవాళ్ళయితే తప్ప వాళ్ళకి పూట గడవదు. మా చిన్నప్పుడు మా వీధిలో ఒక వడ్రంగి ఉండేవాడు. ఎవరడిగినా ఊరికే బల్లలు చేసిచ్చేవాడు. ఆయన పెళ్ళాం ఇంటింటికీ వెళ్ళి ఆ బల్లలకి డబ్బు వసూలు చేసుకొచ్చేది. వీధివీధంతా ఆయనకి నమస్కారాలు, ఆవిడకి శాపనార్థాలు. కానీ ఆ ఇంట్లో పొయ్యి ఎవరివల్ల వెలిగేదో ఆ వీధికీ తెలుసు. నేను ఆవిడ పార్టీ.

ఆర్నెల్లు ఎంతలో గడుస్తాయి! ప్రతి నెలా ఆమె పేరు మొట్టమొదట రాయి, నీ మనసుకీ బాగుంటుంది. బరువులు ఎత్తనివ్వకు. మాట్లాడకుండా అంటించమను, ఆయాసం తగ్గుతుంది.

మావయ్య


ఆఫీసు గది

మావయ్యా,

మీరు చెప్పినట్టే అయిదు నెలలు ఆమె పేరు మొదట రాశాను.

నిన్న గమ్మక్క బల్ల మీదే తల వాల్చింది. పడుకుందనుకుని ఎవరూ లేపలేదు. బుగ్గకి అట్ట అంటుకుపోయింది. నీళ్ళతో తడిపి తీశాం.


డాబా మీద గది

అమ్మడూ,

ఏం రాయాలో తోచక మూడు కాగితాలు పాడుచేశాను. మంచి మనిషి. నా హయాంలో చేరింది. అప్పుడు రెండు జడలు వేసుకునేది, గమ్ డబ్బాలో జడ పడిందని నవ్వి నవ్వి ఏడ్చింది. అలాంటివాళ్ళు ఇక రారు.

నువ్వు అతిగా ఆలోచించకు. డాక్టర్లు కోస్తే మాత్రం బతికేదని రాసిచ్చారా? కోసినవాళ్ళందరూ బతుకుతున్నారా? నేను ఆసుపత్రి వరండాలో కూర్చున్న రోజుల్లోనే ఇద్దర్ని గుడ్డ కప్పి తీసుకెళ్ళారు.

ఇంకో మాట. ఇప్పుడే రాయడం బాగుండదని నాకూ తెలుసు, కానీ ఆలస్యమైతే ఇంకెవరో దూరతారు. గమ్ బల్ల దగ్గర ఖాళీ వచ్చింది కదా. పింఛను వస్తోంది కానీ సగం జీతంతో ముగ్గురెలా? చిన్ని చేతిపని చూశావుగా, చకచకా చేస్తుంది. కిటికీ పక్కన కాబట్టి గాలి కూడా వస్తుంది. అయ్యగారితో నువ్వొక్క మాటంటే చాలు. ఇది నాకోసం కాదు.

మావయ్య


ఆఫీసు గది
శుక్రవారం

మావయ్యా,

చిన్ని మకాం ఇక్కడికి మార్చి పనిలో చేరి పది రోజులైంది. మీకు చెప్పే ఉంటుంది. ఆ కిటికీ పక్కనే కూర్చుంటోంది. పని మీరన్నట్టే, చకచకా.

బల్ల దగ్గర ఆడవాళ్ళు మొదటి రోజే తనకి గమ్మక్క కథంతా చెప్పారు. కొంగు చింపి కట్టు కట్టింది ఈవిడేనని, ఆ నెల దయ్యం వంతు నీ మొగుడికి ఇచ్చింది ఈవిడేనని. చిన్ని వెక్కి వెక్కి ఏడ్చింది. మధ్యాహ్నం నా గదిలోకొచ్చి "వదినా, ఆ రోజు ఆవిడ లేకపోతే ఈయన లేరు. ఆవిడకి అన్యాయం చేసిందెవరు?" అని అడిగింది.

కాగితం పొరపాటున వెళ్ళిందని చెప్పాను. ఇక్కడ అందరూ అదే అనుకుంటున్నారు, గమ్మక్కే అందరికీ అలా చెప్పి పోయింది.

"పొరపాటైతే దిద్దాలిగా" అంది మీ అమ్మాయి.

రెండు సాయంత్రాలు గమ్మక్క ఇంటికి వెళ్ళొచ్చింది. ఆమె మొగుడిచేత మాట్లాడించింది, ఎలా మాట్లాడించిందో నాకు తెలియదు. ఇప్పుడు ఆయన బీమా ఆఫీసు మీద అర్జీ పెడతానంటున్నాడు. నా భార్య ఆ నెల సెలవులో లేదు, రోజూ పనికొచ్చింది, ఆపరేషన్ ఆపడం అన్యాయం అని. చిన్ని ఊరుకోలేదు. ఆ నెలంతా గమ్మక్క తన పక్కనే పనిచేసిందని తమ్ముడు సాక్ష్యం చెప్తాడట. తమ్ముడే ఆ మాటన్నాడు. ఎడం చేత్తో సంతకం కూడా నేర్చుకుంటున్నాడు, అర్జీ కింద పెట్టడానికి. ఆ నెల గమ్మక్క పనిలో ఉందంటే ఆ పందొమ్మిదిలో తనెక్కడున్నట్టవుతుందో వాడికి తట్టలేదు. చిన్నికి కూడా. పిల్లదాని కొత్త ఫీజు ఆ పింఛన్లోంచే కడుతోంది.

అర్జీ రాసిపెట్టమని నన్నే అడిగారు. నేను చెప్పి ఉండాల్సింది. గమ్మక్క మొగుడు టోపీ ఒళ్ళో పెట్టుకుని నా ఎదురుగా కూర్చున్నాడు, చిన్ని ఆయన పక్కన. నాకు అంత చట్టం తెలియదన్నాను. తెలిసినవాళ్ళు మా మావయ్య ఒక్కరేనన్నాను. "అవును, నాన్న ఉన్నారుగా!" అంది చిన్ని, మొహం వెలిగిపోయింది.

మీరు రాసినా సరే, రాయనన్నా సరే. ఎందుకు రాయరో మాత్రం వాళ్ళ ముగ్గురి మొహాలూ చూస్తూ మీరే చెప్పండి. నా వంతుకి ఆమె చేతిలోంచి ఆ కోత డబ్బు నేను తీసుకున్నాను.

ఆదివారం పొద్దుటి బండికి బయల్దేరుతున్నారు. ఈ ఉత్తరం మీకు చేరేసరికి వాళ్ళు మీ గదిలో కూర్చుని ఉంటారు.

మీ మేనకోడలు